క్యాజువాలిటీ సిస్టర్‌కి థ్యాంక్స్ ఎలా చెప్పాలి? డబ్బులిస్తే తీసుకోలేదు

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 61 ఏళ్ళు, తెల్లవారుజామున నాలుగింటికి గుండెల్లో నొప్పి, ఒళ్ళంతా చెమటలు, పెందుర్తి నుంచి 108లో తీసుకెళ్ళారు, క్యాజువాలిటీలో ఒక సిస్టర్ మిమ్మల్ని సొంత మనుషుల్లా చూసుకుంది, స్టెంట్ వేశారు, వారం తర్వాత ఇంటికొచ్చేశారు. తర్వాత మీరు కవర్లో 2000 పెట్టి ఇవ్వబోతే ఆ అమ్మాయి చేతులు వెనక్కి పెట్టేసుకుని వద్దండీ అంది. నేను తప్పు చేశానా, ఆవిడ మనసు కష్టపెట్టానా, పేరు కూడా తెలీదు, ఎలా థ్యాంక్స్ చెప్పాలి అని అడిగారు.

నేను విశాఖపట్నంలోనే 33 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా, తర్వాత హెడ్ నర్సుగా చేసి 2021లో రిటైరయ్యాను, అందులో 19 ఏళ్ళు క్యాజువాలిటీయే. ఏ ఆసుపత్రో రాయను, అవసరం కూడా లేదు, 1923లో పెట్టిన పెద్దాసుపత్రి కేజీహెచ్ నుంచి హనుమంతవాక విమ్స్ దాకా, అటు గాజువాకలో చిన్న నర్సింగ్ హోమ్ దాకా క్యాజువాలిటీలో పని ఒక్కటే. ఇటు శ్రీకాకుళం, విజయనగరం, అటు పాడేరు, అరకు, ఒడిశా బోర్డరు నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు, సింహాచలం గిరిప్రదక్షిణ రాత్రి అయితే కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళు, కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు ఇంకా వేరే. కాబట్టి ఆ అమ్మాయి ఆ తెల్లవారుజామున ఎలా ఉండి ఉంటుందో నాకు బాగా తెలుసు.

ముందు డబ్బుల సంగతి. మీరు తప్పు చెయ్యలేదు. ఆవిడ బాధపడి ఉండదు, ఇబ్బంది పడి ఉంటుంది, అంతే. గవర్నమెంటు ఆసుపత్రి అయితే 1964 నాటి కండక్ట్ రూల్స్ ఉన్నాయి, పేషెంట్ల దగ్గర డబ్బు ముట్టుకోకూడదు, ప్రైవేటు అయితే వాళ్ళ హెచ్‌ఆర్ ఊరుకోదు. కానీ రూల్ లేకపోయినా మంచి సిస్టర్ తీసుకోదు, ఎందుకంటే మీరు కవరు ఇస్తున్నప్పుడు పక్క స్ట్రెచర్ మీద ఉన్న ముసలామె కొడుకు చూస్తుంటాడు. ఏ టెక్కలి నుంచో అప్పు చేసి వచ్చుంటాడు. ఇక్కడ డబ్బులిస్తేగానీ చూడరేమో అనుకుని జేబు తడుముకుంటాడు. ఆ చెయ్యి జేబులోకి వెళ్ళడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ గుండె కలుక్కుమనేది. మీ సిస్టర్ చేతులు వెనక్కి పెట్టుకుంది ఆ అబ్బాయి కోసం అనుకోండి, మీ మీద కోపంతో కాదు.

ఇప్పుడు అసలు మాట. మీ పోస్టులో మీరు మూడు విషయాలు రాశారు, "ఎంత మంచి మనసు" అని ఒక్క మాటలో తేల్చేశారు. మంచి మనసే, కాదనను, కానీ ఆ మూడింట్లోనూ చాలా పనితనం ఉంది, అది మీకు తెలిస్తే థ్యాంక్స్ ఎలా చెప్పాలో మీకే తడుతుంది.

మొదటిది, మీ నాన్నగారితో "బాబాయ్, ఇప్పుడు చిన్న సూది గుచ్చుతున్నా, ఇప్పుడు ఈ మాత్రలు నమిలి మింగెయ్యండి, ఇప్పుడు ఛాతీ మీద చల్లగా జెల్లీ రాస్తున్నా" అని ప్రతీదీ చెప్పి చేసింది అన్నారు. గుండెపోటు వచ్చిన మనిషికి భయం వేస్తే గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది, అంటే గుండె కండరానికి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. రక్తనాళం మూసుకుపోయి అసలే అందట్లేదు మరి. కాబట్టి ఆ నెమ్మదైన గొంతు కూడా ట్రీట్‌మెంటే బాబూ. అదీ ఎప్పుడు, ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తియ్యాలి, యాస్పిరిన్ 325 నమిలించాలి, మందులు ఎక్కించడానికి నరంలో కాన్యులా పెట్టాలి, బీపీ, షుగరు, బ్లడ్ శాంపిల్స్, డ్యూటీ డాక్టరుకి చూపించాలి, ఇవన్నీ టైముతో సహా కేస్‌షీట్‌లో ఎక్కించాలి, ఇవి చేస్తుండగానే పక్క బెడ్ మీద పురుగుమందు తాగినవాడికి విరుగుడు మందు అట్రోపిన్ చూసుకోవాలి, అటు పక్క బైకు యాక్సిడెంటు, పోలీసు కేసు, అంటే ఎంఎల్‌సీ అయితే పోలీసులకి కబురు వెళ్ళిందో లేదో కనుక్కోవాలి. చెమటతో ఒళ్ళు చల్లబడిపోయిన మనిషికి నరం దొరకదు, అరచేత్తో తట్టి తట్టి వెతకాలి, ఆ వెతుకుతున్న సేపట్లోనే "ఏ ఊరు బాబాయ్, ఎంతమంది పిల్లలు" అని అడుగుతాం. చేతులు ఎలాగూ ఆడుతున్నాయి కాబట్టి మాటకి వేరే టైము పట్టదు. అడిగితే మనిషి తెలివిలో ఉన్నాడో లేదో, ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నాడో లేదో కూడా మాకు తెలుస్తుంది. జూనియర్లకి నేను ఇదే చెప్పేదాన్ని, ఊరు పేరు అడగండి అమ్మా, మీకూ మంచిది ఆయనకీ మంచిది అని.

రెండోది, మీ అమ్మగారి ముందు గొంతుక్కూర్చుని మాట్లాడింది అన్నారు. కుర్చీలో కూలబడిపోయిన మనిషికి పైనుంచి చెప్తే చెవికెక్కదు, మొహానికి మొహం ఎదురుగా ఉంటేనే వింటారు. 12 గంటల నైట్ డ్యూటీలో చివరి గంటల్లో మోకాళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఆ టైములో కిందకి కూర్చుని లేవడం చిన్న సంగతి కాదు.

మూడోది నాకు బాగా నచ్చింది. నాన్నగారి వాచీ, కళ్ళజోడు తీసి అమ్మగారి చేతిలో పెట్టి "ఇవి మీ దగ్గరే జాగ్రత్తగా ఉంచండమ్మా, లోపలినుంచి వచ్చాక ఆయన అడుగుతారు" అంది అన్నారు కదా. వస్తువులు ఇంటివాళ్ళకి అప్పజెప్పడం మా డ్యూటీ, ఎవరికి ఇచ్చామో రాసుకుంటాం కూడా. కానీ ఆమె ఎలా అప్పజెప్పిందో చూడండి. వణుకుతున్న చేతులకి పట్టుకోడానికి ఒకటి దొరికింది, చెయ్యాల్సిన పని ఒకటి దొరికింది, "ఆయన అడుగుతారు" అన్న మాటలో ఆయన వస్తాడన్న ఆశ కూడా ఉంది. పైగా అబద్ధం చెప్పలేదు. ఏమీ కాదమ్మా, నాదీ పూచీ అని ఎవరూ అనకూడదు, అప్పటికి మాకూ తెలీదు కదా. నేను చేరిన కొత్తలో ఒకావిడ "ఏటవుతాదమ్మా, నా మనిషికి ఏటవుతాదమ్మా" అని చెయ్యి పట్టుకుని అడుగుతుంటే ఏమీ కాదు ఊరుకో అని గట్టిగా అనేసి వెళ్ళిపోయాను. గంటలో ఆయన పోయాడు. ఆవిడ నన్నేమీ అనలేదు, అలా చూసింది అంతే. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట వాడలేదు.

ఇక మీరు అడిగినదానికి వస్తే, క్యాజువాలిటీ సిస్టర్‌కి దొరకనిది ఒకటుంది, అది మీ దగ్గర ఉంది. వార్డు సిస్టర్ అయితే పేషెంటు కోలుకోవడం రోజూ చూస్తుంది, లేచి కూర్చున్నాడు, ఇడ్లీ తిన్నాడు, నడిచాడు అని. మాకు అది ఉండదు. రెండు గంటలు ప్రాణం పెట్టి చూస్తాం, క్యాథ్ ల్యాబ్‌కో ఐసీయూకో తోసేస్తాం, బెడ్ తుడిచి దుప్పటి మారుస్తుండగానే ఇంకో స్ట్రెచర్ వచ్చేస్తుంది. ఆ మనిషి ఏమయ్యాడో తెలీదు. పైకి ఫోన్ చేసి కనుక్కుందామంటే టైము ఉండదు, ఒక్కోసారి ధైర్యమూ ఉండదు.

2011 వానాకాలంలో చోడవరం వైపు పల్లె నుంచి తొమ్మిదేళ్ళ గుంటడిని రాత్రి ఒంటిగంటకి తెచ్చారు, నేల మీద పడుకుంటే కట్లపాము కరిచింది. కనురెప్పలు వాలిపోయాయి, ఊపిరి అందట్లేదు. పాము విషానికి ఇంజెక్షన్లు ఎక్కిస్తూనే డాక్టరుగారు గొంతులో ట్యూబు వేశారు కానీ ఆ టైముకి వెంటిలేటర్ ఒక్కటీ ఖాళీ లేదు, ఊపిరి అందించే అంబు బ్యాగ్ చేత్తోనే నొక్కాలి, మూడు సెకన్లకోసారి, ఆపకుండా. మా జూనియర్ సిస్టర్ ఒకమ్మాయి, హౌస్ సర్జన్ కుర్రాడు మార్చుకుంటూ పొద్దున్న ఏడింటిదాకా నొక్కారు. కట్లపాము విషంలో ఒక భయంకరమైన సంగతి ఉంది, ఒళ్ళు కదలదు, రెప్ప లేవదు, చూసేవాళ్ళకి పోయినట్టే ఉంటుంది, కానీ లోపల తెలివి ఉండొచ్చు, చెవులకి అన్నీ వినిపిస్తుండొచ్చు. ఆ అమ్మాయికి ఇది తెలుసు. అందుకని నొక్కుతున్నంతసేపూ వాడితో మాట్లాడుతూనే ఉంది. మీ నాయనమ్మ బయటే ఉందిరా, ఇది ఊపిరి కోసం, గొంతులో ట్యూబు ఉంది భయపడకు అని చెప్పి, మాటలు అయిపోయాక, మా ఇంటి దగ్గర ఆవు ఈనిందిరా, దూడకి నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది, ఇంకా పేరు పెట్టలేదు, నువ్వు లేచాక చెబుదువుగాని అంది. నేను ఆ రాత్రి అక్కడే ఉన్నాను, పక్కన నాలుగు బెడ్లు చూసుకుంటూ ఇదంతా నా చెవిన పడుతూనే ఉంది. పొద్దున్న వాడిని ఐసీయూకి పంపేశాం.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఒక ముసలామె, పక్కన పిల్లాడు, తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నేను గుర్తుపట్టలేదు. నాయనమ్మే "అంబు కొట్టిన సిస్టరమ్మ ఉందేటమ్మా" అని అడిగింది. ఆ అమ్మాయిని పిలిచాను. వాడు ఆమె మొహం ఎప్పుడూ చూడలేదు కదా, గొంతు వినగానే తల ఎత్తి "దూడకి సుక్క అని పెట్టు" అన్నాడు. ఆ అమ్మాయి గోడవైపు తిరిగిపోయింది. ఆ ముసలామె ఒక గుడ్డసంచీలో పనసతొనలు తెచ్చింది, అందరం తలా ఒకటి తిన్నాం, అవి పెద్ద తియ్యగా కూడా లేవు గానీ ఆ రోజు మా షిఫ్టు నడిచిన తీరే వేరు.

అందుకని నా సలహా, నాన్నగారిని తీసుకుని వెళ్ళండి. ఎలాగూ చెకప్‌కి వెళ్తారు, ఆ రోజే పెట్టుకోండి.

దానితోపాటు ఉత్తరం రాయండి, తప్పకుండా రాయండి. ఫిర్యాదు అయితే మనవాళ్ళు కాగితం మీద పెట్టి సంతకం చేసి, నాలుగు కాపీలు తీసి కలెక్టరు దాకా పంపిస్తారు, మెచ్చుకోలు మాత్రం నోటిమాటతో ఆగిపోతుంది. హెడ్ నర్సుగా నా బీరువాలో ఫిర్యాదుల ఫైలు ఒక పెద్ద బైండు ఉండేది, మంచిగా రాసినవి ఒక ప్లాస్టిక్ కవర్లో సరిపోయేవి. ఆ కవర్లో ఒక పోస్టుకార్డు ఉండేది, పాతపట్నం అవతల ఊరి నుంచి ఒక పెద్దాయన రాశారు. ఆయన భార్య మా దగ్గరే పోయింది. మామూలు జబ్బు కేసు కాబట్టి ట్యూబులు తీసెయ్యొచ్చు, ఎంఎల్‌సీ అయితే పోస్టుమార్టం దాకా ఏదీ కదపకూడదు. డ్యూటీలో ఉన్న సిస్టర్ ట్యూబులు తీసి, మొహం తడిగుడ్డతో తుడిచి, విడిపోయిన జుట్టు చిక్కు తీసి జడ అల్లి, బొట్టు సరిచేసి, అప్పుడు ఆయన్ని లోపలికి పిలిచిందట. "మా ఆవిడ ఎప్పుడూ జడ లేకుండా గడప దాటలేదమ్మా, ఆ పిల్ల కాబట్టి చూసుకుంది" అని రాశారు. ఆ సంగతి నాకు ఆ కార్డు వచ్చేదాకా తెలీదు. కర్టెన్ వెనక జరిగిన పని, ఎవరు చూస్తారు? ఆ సిస్టర్‌కి చూపిస్తే ఒక జిరాక్స్ తీసుకుని లామినేషన్ చేయించుకుంది.

అమెరికాలో నర్సులకి డైసీ అని ఒక అవార్డు ఉంది. ప్యాట్రిక్ బార్న్స్ అని 33 ఏళ్ళ ఆయన 1999లో చనిపోతే, చివరి రోజుల్లో నర్సులు చూసిన తీరుకి థ్యాంక్స్ చెప్పాలని వాళ్ళ ఇంట్లోవాళ్ళే మొదలుపెట్టారు. పేషెంట్లు, ఇంటివాళ్ళు జరిగింది జరిగినట్టు రాసిస్తే దాని మీద ఇస్తారు. మన దగ్గర కూడా జనవరి 26కి, ఆగస్టు 15కి జిల్లాలో ప్రశంసాపత్రాలు ఇస్తారు, మే 12 నర్సుల దినోత్సవానికి ఆసుపత్రుల్లో సన్మానాలు చేస్తారు, అప్పుడు పేరు పంపడానికి సూపరింటెండెంట్ దగ్గర కాగితం ఉంటే చాలా తేడా. ప్రైవేటులో అయితే ఇంక్రిమెంటు మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

పేరు తెలీదని దిగులు పడకండి. తారీఖు, టైము చాలు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైన రోజు గుర్తుందిగా, వందల మంది ఒక్కసారే ఆసుపత్రుల మీద పడ్డారు, పైగా కోవిడ్ కాలం, అందరికీ మాస్కులు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. తర్వాత కొన్నాళ్ళకి ఒక తండ్రి మా దగ్గరికి వచ్చి, మా పాప బట్టలు మార్చి కళ్ళు కడిగి ఒళ్ళో పెట్టుకుని ఆక్సిజన్ పట్టిన సిస్టర్ ఎవరో కావాలి అన్నాడు. ఆయన చెప్పగలిగింది ఎన్నింటికి తెచ్చారో అదొక్కటే. డ్యూటీ రిజిస్టరు, కేస్‌షీట్ మీద సంతకం చూసి పది నిమిషాల్లో పట్టుకున్నాం. మీ దగ్గర డిశ్చార్జ్ సమ్మరీ ఉంటుంది, దాని మీద ఐపీ నంబరు, అంటే ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు, ఉంటుంది, అది నర్సింగ్ సూపరింటెండెంట్ ఆఫీసులో చూపించండి.

ఉత్తరం ఇంగ్లీషులో ఉండాలని ఏం లేదు. గొప్ప గొప్ప మాటలు వద్దు, దేవత అనీ, అమ్మకన్నా ఎక్కువనీ రాయకండి, అలాంటివి చదివి పక్కన పెట్టేస్తారు. ఏం జరిగిందో రాయండి. ఇలా ఉంటే చాలు: "ఫలానా తారీఖు తెల్లవారుజామున నాలుగున్నరకి మా నాన్నగారిని ఛాతీనొప్పితో తీసుకొచ్చాం, ఐపీ నంబరు ఇది. అప్పుడు డ్యూటీలో ఉన్న సిస్టర్ ప్రతీదీ నాన్నగారికి చెప్పి చేశారు. మా అమ్మ ముందు కూర్చుని మాట్లాడారు. వాచీ, కళ్ళజోడు అమ్మ చేతికిచ్చి ఆయన వచ్చాక అడుగుతారు అన్నారు. అమ్మ అప్పటినుంచీ వాటిని వదల్లేదు. ఇప్పుడు నాన్నగారు ఇంట్లో ఉన్నారు, బాగున్నారు. ఈ ఉత్తరం ఆ సిస్టర్‌కి చూపించి, ఆవిడ ఫైల్లో పెట్టవలసిందిగా కోరుతున్నాను." రెండు కాపీలు తియ్యండి, ఒకటి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి, ఒకటి ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి. వీలైతే స్ట్రెచర్ తోసిన వార్డుబాయ్, అంటే ఎంఎన్‌ఓ, 108లో వచ్చిన టెక్నీషియన్ గురించి కూడా ఒక వాక్యం రాయండి, వాళ్ళని అసలు ఎవరూ తలుచుకోరు. చాలామంది అడుగుతుంటారు, మాకు చూసింది మగనర్సు, ఏం చెయ్యాలి అని, బ్రదర్ అయినా ఇదే పద్ధతి.

గూగుల్‌లో రివ్యూ రాస్తానన్నారు, రాయండి, కానీ ఆవిడ ఫొటో, పూర్తి పేరు ఆవిడని అడక్కుండా పెట్టకండి. మంచి ఉద్దేశంతో ఒకరు ఇలాగే ఫొటో పెడితే మా దగ్గర ఒక సిస్టర్‌కి నెలరోజులు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు. ఫలానా రోజు నైట్ షిఫ్టు క్యాజువాలిటీ సిస్టర్ అని రాస్తే లోపల అందరికీ తెలిసిపోతుంది.

తినేవి తీసుకెళ్ళాలనిపిస్తే ఒక మనిషికి కాకుండా షిఫ్టు మొత్తానికి తీసుకెళ్ళండి. ఒకాయన మాకు మాడుగుల హల్వా పెద్ద డబ్బా తెచ్చారు, సంతోషమే, కానీ నిజం చెప్పాలంటే గ్లోవ్స్ తీసి చెయ్యి కడుక్కుని తినే టైము ఉండదు, నేతిజిడ్డు వస్తువు కన్నా అరటిపళ్ళు, బత్తాయిలు నయం, ఒలుచుకుని తినెయ్యొచ్చు.

ఎప్పుడు వెళ్ళాలంటే, చాలాచోట్ల పొద్దున్న ఎనిమిదికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదికి షిఫ్టులు మారతాయి, హ్యాండోవర్ టైములో మాత్రం వద్దు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ముందు ఫోన్ చేసి ఆవిడకి మధ్యాహ్నం డ్యూటీ ఎప్పుడో కనుక్కుని నాలుగింటి ప్రాంతంలో వెళ్ళండి. లోపలికి వెళ్ళొద్దు, తలుపు బయట సెక్యూరిటీకి చెప్పి నిలబడండి, పావుగంట ఆలస్యమైనా విసుక్కోకండి, లోపల ఎవరో ఒకరు ఉంటారు. నాన్నగారిని మెట్లెక్కించకండి, ర్యాంపు వైపు నుంచి నెమ్మదిగా నడిపించుకెళ్ళండి. అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి. ఆ రోజు రాత్రి తొడుక్కున్న బట్టలు కాదు కదా, జబ్బు మొహమూ లేదు, మామూలు మనిషిగా ఆయన్ని ఆ అమ్మాయి చూడలేదు, పోల్చుకోలేకపోవచ్చు. ఆ వాచీ, ఆ కళ్ళజోడు పెట్టుకుని రమ్మనండి.